ఫ్లూ మందు పనిచేయదని రాసేముందు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో "మందుకూ లొంగని ఫ్లూ" అని వార్త వేశారు. జనం టామీఫ్లూను ఇష్టం వచ్చినట్టు మింగడం వల్లే వైరస్ మొండికెత్తిందని అందులో రాశారు. ఇక ఆ మందుతో లాభం లేదని కూడా రాశారు. నేను ఇన్‌ఫ్లుయెంజా శాంపిళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. వచ్చిన వైరస్ మందుకు లొంగుతుందా లేదా చూడడమే నా పని. మీరు రాసిన రెండు మాటల్లో ఏదీ నాకు తెలిసినదానితో కలవడం లేదు. ఉత్తరం కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

వార్త వచ్చిన రోజు సాయంత్రం మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడి కూతురు కడుపుతో ఉంది. జ్వరం, ఒళ్ళు నొప్పులు అంటే డాక్టర్ గారు టెస్ట్ చేయించారు, ఫ్లూ అని తేలింది. ఒసెల్టామివిర్ రాశారు. టామీఫ్లూ అసలు పేరు అదే. "అక్కా, ఇది పనిచేయదని పేపర్లో వేశారు కదా. కడుపులో బిడ్డకి ఊరికే మందులెందుకని పిల్ల మొదలెట్టలేదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ముందు మాత్ర వేయించు, తర్వాత మాట్లాడదాం అన్నాను. ఈ మందుకి టైమే ముఖ్యం. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు పడితే బాగా పనిచేస్తుంది. గర్భిణులు, పెద్దవాళ్ళు, పసిపిల్లలు, ఉబ్బసం, షుగర్ ఉన్నవాళ్ళకైతే ఆలస్యమైనా ఇవ్వమనే చెప్తారు. వీళ్ళకి ఫ్లూ ఊపిరితిత్తుల దాకా పోయే ప్రమాదం ఎక్కువ. ఆ అమ్మాయి ఇప్పుడు బాగానే ఉంది. కానీ మీ వార్త చదివి ఇంకెంతమంది చీటీ పక్కన పడేశారో.

"లొంగడం లేదు" అనే మాట ఎక్కడ పుడుతుందో ముందు చెప్తాను. ఫ్లూ వైరస్ ఒంటి మీద న్యూరామినిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మన కణంలో తయారైన కొత్త వైరస్‌లు బయటికి వస్తూ కణం మీదుండే సియాలిక్ ఆసిడ్ అనే చక్కెర పదార్థానికి అంటుకుపోతాయి. ఆ అంటును కత్తిరించి వాటిని వదిలించేది ఈ ఎంజైమే. ఒసెల్టామివిర్ సరిగ్గా అది పనిచేసే చోట ఇరుక్కుంటుంది. కత్తిరింపు ఆగిపోతే వైరస్ పక్క కణానికి పోలేదు.

ల్యాబ్‌లో దీన్ని కళ్ళారా చూడొచ్చు. 96 గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో మందును వరసగా పలచన చేస్తూ పోస్తాం. అన్నిట్లోనూ వైరస్ కలుపుతాం. తర్వాత ఎంజైమ్ కత్తిరిస్తే వెలుగు వచ్చే ఒక రసాయనం వేస్తాం. కొంతసేపు వెచ్చగా ఉంచి అల్ట్రావయొలెట్ కాంతి కింద పెడితే, ఎంజైమ్ పనిచేసిన గుంటలు నీలంగా మెరుస్తాయి. మందు దాన్ని ఆపేసినవి నల్లగా ఉంటాయి. మామూలు వైరస్ అయితే పిసరంత మందుకే గుంటలు నల్లబడతాయి. మొండి వైరస్ వరసలో మందును వందల రెట్లు పెంచుకుంటూ పోయినా నీలం అలాగే ఉంటుంది. పక్కపక్కనే ఆ రెండు వరసలు చూస్తే ఇంకెవరూ ఏమీ వివరించక్కర్లేదు.

అయితే అన్ని ప్లేట్లూ ఇంత స్పష్టంగా ఉండవు. ఎంజైమ్‌ని సగానికి ఆపడానికి పట్టే మందు మామూలుకన్నా 10 రెట్లు దాటితే, ఇన్‌ఫ్లుయెంజా ఎ రకాల్లో, మందు ప్రభావం తగ్గిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 100 రెట్లు దాటితే బాగా తగ్గిందని. ఇది ప్లేటు లెక్క. మనిషి ఒంట్లో మందు పూర్తిగా వట్టిపోయిందని తీర్పు కాదు. 2023, 24 మధ్య ఎంజైమ్‌లో రెండు మార్పులు కలిసిన ఒక వైరస్ ఐదు ఖండాల్లో కనపడింది. ఒసెల్టామివిర్‌కు అది 16 రెట్ల దాకా మొండికేసింది. పత్రికలన్నీ "మందుకు లొంగని వైరస్" అనే రాశాయి. మిగతా మందులకు అది లొంగుతుందన్న మాట చాలా చోట్ల కిందెక్కడో పడిపోయింది.

ఇక మ్యుటేషన్, అంటే జన్యువుల్లో వచ్చే మార్పు సంగతి. అదేదో వైరస్ మన మీద పగబట్టి చేసే పనిలా రాస్తున్నారు. ఫ్లూ వైరస్ జన్యువులు ఎనిమిది ఆర్‌ఎన్‌ఏ ముక్కలు, మొత్తం కలిపి దాదాపు 13,500 అక్షరాలు. వాటిని కాపీ చేసే ఎంజైమ్‌కి తప్పులు దిద్దుకునే ఏర్పాటు లేదు. అందుకే కొత్త కాపీల్లో అక్కడో అక్షరం ఇక్కడో అక్షరం మారుతూనే ఉంటుంది. జ్వరంతో పడుకున్న ఒక్క మనిషిలోనే లెక్కలేనన్ని రకాలు పుడతాయి. చాలావరకు వైరస్‌కే చేటు, అక్కడే పోతాయి. హెచ్1ఎన్1 అనేది ఇన్‌ఫ్లుయెంజా ఎలో ఒక రకం. దాని న్యూరామినిడేజ్‌లో 275వ చోట హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఉండాలి. ఒక్క అక్షరం మారితే అక్కడ టైరోసిన్ వస్తుంది. దీన్నే హెచ్275వై అంటారు. ఒసెల్టామివిర్ కుదురుకోవాలంటే ఎంజైమ్ లోపల ఒక భాగం పక్కకి జరిగి చోటివ్వాలి. టైరోసిన్ వచ్చాక అది జరగదు, మందు పట్టదు. ముక్కుతో పీల్చే జనామివిర్‌కి ఆ అదనపు చోటు అక్కర్లేదు. అది సియాలిక్ ఆసిడ్‌లాగే ఉంటుంది కాబట్టి మామూలుగా పనిచేస్తుంది. మీ వార్తలో ఈ ఒక్క వాక్యం ఉన్నా బాగుండేది.

హెచ్275వై గురించి మొదట్లో ఎవరూ పెద్దగా కంగారు పడలేదు. ఆ మార్పు వచ్చిన వైరస్ ప్రయోగాల్లో నీరసంగా ఉండేది, జంతువుల్లో సరిగా పాకేది కాదు. మందు వాడిన రోగిలో పుట్టి ఆ రోగితోనే పోతుందిలే అనుకున్నారు. అలాంటప్పుడు 2008 జనవరిలో నార్వే నుంచి కబురొచ్చింది. ఆ చలికాలపు హెచ్1ఎన్1 వైరస్‌లు చాలావరకు ఒసెల్టామివిర్‌కు లొంగడం లేదని. సీజన్ అయ్యేసరికి అక్కడ పరీక్షించిన వాటిలో మూడింట రెండు వంతులు అలాంటివే. నార్వేలో ఆ మందు వాడకం బాగా తక్కువ. మొండి వైరస్ దొరికిన వాళ్ళు మందు వేసుకున్నవాళ్ళు కారు. అదే సీజన్‌లో జపాన్‌లో మొండి వైరస్‌లు 3 శాతం కూడా లేవు. ప్రపంచంలో టామీఫ్లూను అందరికన్నా ఎక్కువ వాడే దేశం జపానే! వాడకం వల్లే వచ్చిందంటే లెక్క తలకిందులుగా ఉండాలి కదా. తర్వాతి సీజన్‌కి జపాన్, అమెరికా, యూరప్ అని తేడా లేదు. 2008-09లో హెచ్1ఎన్1 దాదాపు అంతా హెచ్275వైనే.

ఎందుకిలా జరిగిందో 2010లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జెస్సీ బ్లూమ్, డేవిడ్ బాల్టిమోర్ వాళ్ళు బయటపెట్టారు. హెచ్275వై వస్తే న్యూరామినిడేజ్ సరిగా ముడుచుకోదు, కణం పైకి తక్కువగా చేరుతుంది. నీరసం అందుకే. కానీ ఆ వైరస్ వంశంలో అంతకుముందే వేరే మార్పులు వచ్చి ఉన్నాయి. అవి న్యూరామినిడేజ్ పైకి చేరడాన్ని పెంచి ఆ లోటు పూడ్చాయి. కాలు విరగకముందే చంకకర్ర చేతికొచ్చినట్టు. అలాంటి వైరస్‌కి హెచ్275వై వల్ల నష్టం లేదు, మందు వాడని దేశంలో కూడా హాయిగా పాకుతుంది.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. మొండి వైరస్ దొరికిందనగానే, ఆ మనిషి అప్పటికే మందు వాడుతున్నాడా లేదా అని అడగాలి. వాడుతున్నవాడిలో దొరికితే అది చాలావరకు ఆ ఒంట్లో పుట్టింది, అక్కడితో ఆగిపోయే అవకాశమే ఎక్కువ. మందు ముఖం చూడనివాళ్ళలో, ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్ళలో దొరుకుతుంటే అది మనుషుల్లో పాకుతోందని అర్థం. మా ల్యాబ్‌కి శాంపిల్‌తో వచ్చే ఫారంలో "యాంటీవైరల్ వాడారా, ఎప్పటి నుంచి" అని ఒక గడి ఉండేది. సగం ఫారాల్లో ఆ గడి ఖాళీ. పంపిన వార్డుకి ఫోన్ చేసి అడిగితే విసుక్కునేవాళ్ళు, ఇదొక పనా అన్నట్టు. ఆ ఒక్క గడి లేకపోతే నా ప్లేటులోని నీలం వెలుగుకి సగం అర్థం పోతుందని ఎన్నిసార్లు చెప్పానో.

పాకినంత మాత్రాన ప్రపంచమంతా ఆక్రమిస్తుందని కూడా లేదు. 2011లో ఆస్ట్రేలియాలో న్యూకాజిల్ ప్రాంతంలో హెచ్275వై ఉన్న హెచ్1ఎన్1 ఒకరి నుంచి ఒకరికి పాకింది. వాళ్ళలో మందు వాడినవాళ్ళు లేరనే చెప్పాలి. 2013-14లో జపాన్‌లో సప్పోరో దగ్గర ఇంకో గుంపు కనపడింది. రెండూ చల్లారిపోయాయి. ఈమధ్య సీజన్లలో ప్రపంచవ్యాప్తంగా పరీక్షించిన వైరస్‌లలో ఒసెల్టామివిర్‌కు ప్రభావం తగ్గినవి నూటికి ఒకటి కూడా లేవు. మీ హెడ్డింగ్ కింద పెట్టాల్సిన అంకె అది.

2008-09 మొండి వైరస్ ఏమైందని అడుగుతారేమో. మనం ఓడించలేదు. 2009 ఏప్రిల్‌లో మెక్సికో, అమెరికాల్లో బయటపడిన కొత్త హెచ్1ఎన్1 కొన్ని నెలల్లో దాన్ని తుడిచిపెట్టేసింది. జనం స్వైన్ ఫ్లూ అన్నది దీన్నే. దాని న్యూరామినిడేజ్ పందుల ఫ్లూ నుంచి వచ్చింది, అందులో హెచ్275వై లేదు. టామీఫ్లూ మళ్ళీ పనికొచ్చింది. ఇది అదృష్టం తప్ప ఎవరి గొప్పా కాదు. అందులోనూ ఒక తిరకాసు ఉంది. ఆ వైరస్ పుట్టుకతోనే అమాంటడీన్ అనే పాత ఫ్లూ మందుకు లొంగదు.

అమాంటడీన్ కథ ఇప్పటివాళ్ళకి అంతగా తెలియదు. అమెరికాలో 1966లో అనుమతి పొందిన మొదటి ఫ్లూ మందు అది. వైరస్‌లో ఎం2 అనే చిన్న గొట్టం ఉంటుంది, కణంలోకి దూరాక లోపలి సరుకు విప్పుకోవడానికి అది కావాలి. అమాంటడీన్, దాని తమ్ముడు రిమాంటడీన్ ఆ గొట్టాన్ని మూసేస్తాయి. ఇన్‌ఫ్లుయెంజా బి మీద పనిచేయవు, ఎ మీద మాత్రమే. (ఫ్లూ కోసం అది వేసుకున్న ఒక పార్కిన్సన్స్ రోగికి వణుకు తగ్గడంతో ఆ జబ్బుకీ వాడడం మొదలైంది. ఇప్పుడు అది బతికున్నది అలాంటి వాడకం వల్లే.) ఎం2లో 31వ చోట ఒక మార్పు వస్తే చాలు, మందు వృథా. 1994-95లో ప్రపంచంలో అలాంటి ఇన్‌ఫ్లుయెంజా ఎ వైరస్‌లు నూటికి అర కూడా లేవు. 2003-04కి 12 శాతం దాటాయి. 2005-06 చలికాలంలో అమెరికాలో హెచ్3ఎన్2 అనే ఇంకో ఎ రకంలో 90 శాతానికి పైగా అవే. 2006 జనవరిలో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఫ్లూకి ఆ మందులు వాడొద్దని చెప్పేసింది.

చైనాలో జలుబు మాత్రల్లో కూడా అమాంటడీన్ కలిపి అమ్మేవాళ్ళు, ఇది దాచేదేం కాదు. అక్కడి వాడకం కొంత ఊపిచ్చి ఉండొచ్చు. కానీ ఆ మార్పు ప్రపంచమంతా పాకిన తీరు చూస్తే, వైరస్‌కి పనికొచ్చే వేరే మార్పులతో కలిసి ప్రయాణించింది, వాటి పుణ్యాన గెలిచింది. ఇంకో సంగతి. 2006 తర్వాత ఫ్లూకి ఆ మందు వాడకం దాదాపు ఆగిపోయింది. మందు మానేస్తే వైరస్ మళ్ళీ దారికొస్తుందని మీ వ్యాసంలో ఆశ పెట్టారు. ఇన్నేళ్ళయినా మనుషుల్లో తిరిగే ఇన్‌ఫ్లుయెంజా ఎ దాదాపు అంతా అమాంటడీన్‌కు లొంగనిదే. ఆ మార్పు మోయడం వైరస్‌కి బరువు కానప్పుడు ఎందుకు వదులుకుంటుంది?

మీరు యాంటీబయాటిక్ కథను తెచ్చి ఫ్లూకి అతికించారని నా అనుమానం. బాక్టీరియా మన పేగుల్లో నెలల తరబడి కాపురముంటుంది, మొండితనాన్నిచ్చే జన్యువుల్ని పక్క బాక్టీరియాకి కూడా ఇచ్చేస్తుంది. ఫ్లూ వైరస్ ఆరోగ్యవంతుడి ఒంట్లో వారం ఉంటే ఎక్కువ. కాబట్టి ఇక్కడ వాడకం పాత్ర వేరు. లేదనడం లేదు.

అది ఎక్కడుందో కూడా చెప్తాను. 2005లో వియత్నాంలో 14 ఏళ్ళ అమ్మాయికి హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వచ్చింది. ఇంట్లో అన్నకి జబ్బు చేయడంతో ముందుజాగ్రత్తగా ఒసెల్టామివిర్ రోజుకొకటి ఇస్తున్నారు. అది నివారణ మోతాదు. జబ్బుకైతే పెద్దవాళ్ళకి 75 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఐదు రోజులు ఇవ్వాలి. ఆమె దగ్గర తీసిన వైరస్‌లో హెచ్275వై కనపడింది. తర్వాత పూర్తి మోతాదు ఇచ్చారు, అదృష్టవశాత్తూ కోలుకుంది. అప్పటికే వైరస్ ఒంట్లో పెరుగుతున్నప్పుడు సగం మోతాదు ఇస్తే మొండివి మిగలడానికి వీలు దొరుకుతుంది. అందుకే నివారణకి మాత్ర వేసుకుంటున్నవాళ్ళకి జ్వరం, దగ్గు మొదలైతే వెంటనే డాక్టర్‌కి చెప్పి మోతాదు మార్పించుకోవాలి. మా తమ్ముడు ఆ ఫోన్‌లోనే, "మిగిలిన మాత్రలు ఇంట్లో అందరం తలా ఒకటి వేసుకోమా?" అని కూడా అడిగాడు. పనిచేయదని నమ్మినవాడే ఈ మాట అడగడం చూడండి! వద్దురా, ఒకరి కోర్సు పదిమందికి పంచితే ఒక్కరికీ కాకుండా పోతుంది అన్నాను.

దీనికన్నా గట్టిగా చూడాల్సింది రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళని. అవయవ మార్పిడి, ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవాళ్ళు, కీమోథెరపీలో ఉన్నవాళ్ళు. వీళ్ళ ఒంట్లో వైరస్ వారాలు, ఒక్కోసారి నెలలు ఉండిపోతుంది. మందూ ఉంటుంది, వైరస్సూ ఉంటుంది, ఒంటి నుంచి సాయం లేదు. మొండివి ఏరుకుని నిలబడడానికి అంతకన్నా అనువైన చోటు లేదు. అయిదు రోజుల మందు అయ్యాక కూడా జ్వరం తగ్గకపోతే మళ్ళీ శాంపిల్ తీసి పంపాల్సింది వీళ్ళ దగ్గరే.

కొత్త మందు బాలోక్సావిర్ గురించి మీరు "ఒక్క డోసుతో ఫ్లూ మాయం" అని ఇంకో బాక్స్ కట్టారు. మంచి మందే, కాదనను. 2018లో జపాన్‌లో, తర్వాత అమెరికాలో అనుమతి వచ్చింది. వైరస్ కాపీయింగ్ మొదలెట్టే పీఏ అనే భాగాన్నే ఆపుతుంది, కాబట్టి హెచ్275వై దాన్ని అడ్డుకోలేదు. కానీ దానికీ ఒక మొండి మార్పు ఉంది, పీఏలో 38వ చోట. మందు తీసుకున్న పెద్దవాళ్ళు, టీనేజర్లలో దాదాపు 10 శాతం మందిలో, జపాన్ పిల్లల ట్రయల్‌లో 23 శాతం మందిలో చికిత్స తర్వాత ఆ మార్పు కనపడింది. చిన్న పిల్లల్లో ఎక్కువ, ఎందుకంటే వాళ్ళకి ఫ్లూ కొత్త, ఒంట్లో యాంటీబాడీలు తక్కువ. మందు వేసుకోని పిల్లల్లో కూడా అది దొరికిన సందర్భాలు జపాన్‌లో ఉన్నాయి. నార్వేలాగా ప్రపంచమంతా పాకలేదు. నేను కళ్ళలో ఒత్తులు వేసుకుని చూడమనేది ఇక్కడే, టామీఫ్లూ దగ్గర కాదు.

పక్షుల వైపూ ఒక కన్నుండాలి. 2024లో కెనడాలో బ్రిటిష్ కొలంబియాలో 8 కోళ్ళ ఫారాల్లో హెచ్5ఎన్1 హెచ్275వైతో దొరికింది. కోళ్ళకి ఎవరూ టామీఫ్లూ పోయలేదని నేను వేరే చెప్పాలా?

టీకా సంగతి రెండు ముక్కల్లో. టీకా ముఖ్యంగా హిమాగ్లూటినిన్ అనే వేరే ప్రొటీన్ మీద పనిచేస్తుంది. న్యూరామినిడేజ్‌లో 275వ చోట అమైనో ఆమ్లం మారినంత మాత్రాన టీకా వృథా కాదు. మీ వార్త కింద ఒకరు "మందే పనిచేయనప్పుడు టీకా ఏం చేస్తుంది" అని అభిప్రాయం రాశారు, మీరు దాన్ని అచ్చేశారు కూడా.

మీ రిపోర్టర్ మీద నాకు కోపం లేదు. ఇంకోసారి ఇలాంటి వార్త వచ్చినప్పుడు ల్యాబ్‌కి ఫోన్ చేసి, ఏ రకం వైరస్, ఏ మందుకు, పరీక్షించిన ఎన్నిట్లో ఎన్ని, ఆ రోగులు మందు వాడారా అని అడగమనండి. నాలుగు నిమిషాల పని. అవతలివాళ్ళు మందు వాడిన గడి ఖాళీగా ఉందంటే, ఆ మాటే వేయండి. ఉత్తరం పొడుగైందని కత్తిరించాల్సి వస్తే అమాంటడీన్ పేరాలు తీసేయండి, నార్వే పేరా మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఇన్‌ఫ్లుయెంజా ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన మీ పాఠకురాలు